అటక మీది ఆస్తి

హైదరాబాదు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో కన్నుమూశాడు. ఆ తర్వాత ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు చౌమహల్లా ప్యాలెస్‌లో తండ్రి జోడు కొసలో ఒక రాయి దొరికిందనీ, దాన్ని ఆయన చాలాకాలం కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకోవడానికి వాడాడనీ చెబుతారు. ఆ రాయి జాకబ్ వజ్రం. బరువు 184.75 క్యారెట్లు. అలెగ్జాండర్ మాల్కమ్ జాకబ్ అనే వర్తకుడు 1891లో దాన్ని ఆరో నిజాంకు అమ్మబోయాడు. బేరం చెడి కలకత్తాలో కోర్టు కేసు నడిచింది. ఆ తలనొప్పితో నిజాంకు ఆ వజ్రమంటేనే మనసు విరిగిపోయిందంటారు. తండ్రి మౌనంగా ఒక మూల పడేసిన వస్తువు కొడుకు చేతికొచ్చేసరికి ఉత్త గాజుముక్కలా కనబడింది.

ఏడో నిజాం మాత్రం తన నగల్ని అలా వదిలిపెట్టలేదు. 1951, 1952లలో రెండు ట్రస్టులు పెట్టి వాటిని లెక్క ప్రకారం అప్పగించాడు. 1995లో భారత ప్రభుత్వం ఆ ట్రస్టుల నుంచి 173 నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నది. 2001లో సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించినప్పుడు జాకబ్ వజ్రాన్ని మామూలు జనం కూడా చూడగలిగారు.

మన ఇళ్ళల్లో జాకబ్ వజ్రాలుండవు. గంగాళాలుంటాయి, కాసులపేర్లుంటాయి, మడతల దగ్గర చిట్లిన పట్టుచీరలు, పెట్టె అడుగున తాటాకుల కట్ట, గోడెక్కిన తాతల ఫొటోలు ఉంటాయి. వాటిని చెదలు, చిలుము, తేమ తినేయకుండా కాపాడుకోవడం సగం పని. అవి ఎవరివో, ఏ సందర్భంలో ఇంట్లోకి వచ్చాయో రాసి పెట్టడం మిగతా సగం. మొదటి సగం మీద మనకున్న శ్రద్ధలో పదోవంతు కూడా రెండోదాని మీద లేదు. అందుకే ఇంటి పెద్దావిడ పోయిన ఏడాదికే ఆమె ఎంతో అపురూపంగా దాచుకున్నవి పాతసామానులో కలిసిపోతున్నాయి.

నిజానికి వస్తువు మీదే దాని చరిత్ర రాసే అలవాటు మనకు లేకపోలేదు. పెళ్ళికి పెట్టే బిందెల మీద, చదివించే చెంబుల మీద పేరు కొట్టించేవారు. దుకాణం ముందు కూర్చున్న మనిషి చిన్న ఉలితో టకటకా చుక్కలు కొట్టుకుంటూ పోతే అవే అక్షరాలయ్యేవి. ఇంటిపేరు, ఇచ్చినవారి పేరు, ఒక్కోసారి ఊరు, తేదీ. మ్యూజియంలో వస్తువు పక్కన పెట్టే చీటీలో ఉండాల్సినవన్నీ ఆ బిందె అంచు మీదే ఉండేవి. స్టీలు సామాను వచ్చాక ఎన్నో ఇళ్ళవాళ్ళు ఇత్తడి, రాగి తూకానికేసి కొత్త గిన్నెలు తెచ్చుకున్నారు. లోహం పోయిందని ఎవరూ బాధపడలేదు, దానికి డబ్బు వచ్చింది కాబట్టి. కానీ ముత్తవ్వ పుట్టింటి పేరు రాతలో మిగిలిన ఒకే ఒక్క చోటు ఆ బిందె అయి ఉండొచ్చు. ఆస్తి కాగితాల్లో, వంశవృక్షాల్లో ఆడవాళ్ళ పుట్టింటి వివరాలు ఎంత అరుదుగా కనబడతాయో తెలిసినవాళ్ళకు ఆ నష్టం అర్థమవుతుంది.

మిగిలిన పాత్రల్ని కాపాడుకోవడం కష్టమేమీ కాదు. చింతపండులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది, దాంతోపాటు లోహం పైపొరను కూడా కొద్దికొద్దిగా తినేస్తుంది. రోజూ వెలిగించే కుందుల్ని అలా తోముకుంటే పరవాలేదు. పేరు కొట్టిన బిందెను మాత్రం ప్రతి పండక్కీ చింతపండూ ఇటుకపొడీ వేసి రుద్దితే కొన్నేళ్ళకు అక్షరాలు అరిగి చుక్కలు మిగులుతాయి. దానికి కాస్త కుంకుడు రసం, గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. తర్వాత తడి లేకుండా తుడిచి ఆరబెట్టాలి. పాత ఇత్తడి గిన్నెలో వండుకోవాలనుకుంటే ముందు కళాయి వేయించాలి. ఆ తగరపు పూత పులుపుకీ లోహానికీ మధ్య అడ్డుగా నిలుస్తుంది. కంచు, రాగి వస్తువుల మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం అది మామూలు చిలుము కాదు. ఉప్పూ తేమా కలిసి లోహాన్ని లోపలి నుంచి తొలుస్తున్నాయన్నమాట. ఆ వస్తువును విడిగా, బాగా పొడిగా ఉండేచోట పెట్టి, విలువైనదైతే మ్యూజియం నిపుణులకు చూపించడం మంచిది.

పట్టుచీర దగ్గరికొస్తే విషయం ఇంకా సున్నితం. అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ సన్నగా సాగదీసిన వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత వేసింది. పాత పట్టుచీరలు కొంటామని వీధుల్లో తిరిగేవాళ్ళు వెతికేది ఆ వెండినే. చీరను కాల్చి, బూడిదలోంచి వెండి తీస్తారు. నాయనమ్మ పెళ్ళిచీర చివరికి కొన్ని గ్రాముల వెండి లెక్కలోకి మారిపోతుంది. ఇంట్లో దాచుకున్న చీరకు మొదటి శత్రువు మడత. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే పట్టు ఆ గీత వెంబడే చిట్లుతుంది. అందుకే రెండు మూడు నెలలకోసారి తీసి నీడలో ఆరబెట్టి మడతలు మార్చమని పెద్దవాళ్ళు చెప్పేది. మరీ పాతదైతే మడత కూడా వద్దు. ఉతికిన మల్లుగుడ్డ పరిచి కర్రకో, గొట్టానికో చుట్టి ఉంచాలి. ప్లాస్టిక్ కవర్లో తేమ చిక్కుకుంటుంది, నాఫ్తలీన్ ఉండలు జరీకి తగిలితే రంగు మారుతుంది, ఇనప హ్యాంగరు తుప్పుమరక వేస్తుంది. పాత పంచెగుడ్డలో చీర చుట్టి, పక్కన వేపాకు పెట్టిన ఆ పాత పద్ధతే ఇప్పటికీ చాలామటుకు సరైనది.

ఇక సంక్రాంతి సంగతి. ఈ పండగలో పాత వస్తువుల్ని చూసే రెండు పద్ధతులు పక్కపక్కనే ఉన్నాయి. భోగి తెల్లవారుజామున విరిగిన కుర్చీలు, పాత తలుపులు, పనికిరాని కలప మంటలో వేస్తారు. అదే పండగకు కోస్తా జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో బొమ్మల కొలువు తీరుస్తారు. ఇంకొన్నిచోట్ల అది దసరాకు. మెట్లు కట్టి తెల్లటి గుడ్డ పరిచి, తరతరాలుగా వచ్చిన బొమ్మలన్నీ వరసగా నిలబెడతారు. పేరంటానికొచ్చిన వాళ్ళు బొమ్మల్ని చూసి ఇది ఎక్కడిదని అడుగుతారు. పసుపు కుంకుమలిస్తూ ఇంటావిడ చెబుతుంది. ఇది మా అమ్మమ్మకు ఆవిడ మేనత్త ఇచ్చింది, ఈ దశావతారాల సెట్టు కొండపల్లి వెళ్ళినప్పుడు కొన్నాం, ఈ మరపాచి జంట మా అత్తగారి పెళ్ళికి పెట్టారు అని. ఆ మాటలు ఆ ఇంటి పిల్లలు ఏటా వింటారు. బొమ్మల కొలువు ఏడాదికోసారి తలుపులు తీసే ఇంటి మ్యూజియం. ఏది విరిగిందో, దేనికి పురుగు పట్టిందో కూడా అప్పుడే తెలుస్తుంది. కొండపల్లి బొమ్మ చేసేది తెల్ల పొణికి కర్రతో. తేలికైన కర్ర, పురుగుకీ తడికీ తొందరగా లొంగుతుంది. పాతబొమ్మను తడిగుడ్డతో తుడిస్తే రంగు లేస్తుంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, పొడి నూలుగుడ్డలో విడివిడిగా చుట్టి పెట్టెలో పెట్టాలి. కొలువు మానేసిన ఇళ్ళల్లో బొమ్మలు పోవడానికి ముందే వాటి గురించి మాట్లాడుకోవడం పోయింది. ఆ ఆచారాన్ని బొమ్మలకే పరిమితం చేయనక్కర్లేదు. తాత వాడిన సోల, మానిక, మరచెంబు, గంటం, చేతి గడియారం ఆ మెట్ల మీద నిలబెడితే తప్పేముంది?

భోగిమంటలో వేయబోయే కలపను కూడా ఒకసారి వెలుతురులో చూడాలి. వ్యాసపీఠం కోడు, తాళపత్ర గ్రంథానికి పైనా కిందా కట్టిన చెక్క అట్ట ఆ పోగులో ఉండొచ్చు.

ఒక ఇల్లు తన వారసత్వాన్ని కాపాడుకుంటే జాతి మొత్తానికి ఏం దక్కుతుందో చెప్పడానికి తాళ్ళపాక వారిని మించిన ఉదాహరణ లేదు. అన్నమాచార్యుడు (1408–1503) 32 వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి. ఆ పాటల్ని తాటాకుల మీద వదిలేయకుండా రాగిరేకుల మీద చెక్కించే పనికి ఆయన కొడుకు పెద తిరుమలాచార్యుడు పూనుకున్నాడు. ఆ రేకుల్ని తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. అవి శతాబ్దాలపాటు చీకట్లో ఉండి 20వ శతాబ్దంలో వెలుగు చూశాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు వాటిని చదివి, పరిష్కరించి, అచ్చుకెక్కించారు. ఈనాడు మనకు 12 వేలకు పైగా పాటలు మిగిలాయంటే ఆ రాగిరేకుల చలవే. ఈ సంగతి అందరికీ తెలుసు. తక్కువగా గుర్తుచేసుకునేది మనవడు చిన్నన్న చేసిన పని. తాళ్ళపాక చిన్నన్న తాత జీవితాన్ని ద్విపదలో 'అన్నమాచార్య చరిత్రము'గా రాశాడు. కొడుకు పాటల్ని దాచాడు, మనవడు పాటల వెనకున్న మనిషిని దాచాడు. ఆ పుస్తకమే లేకపోతే ఆ వేల పాటలు కట్టిన మనిషి ఎలా బతికాడో, ఎవరితో తగవుపడ్డాడో, కొండెక్కింది ఏ వయసులోనో మనకు తెలిసే దారి చాలావరకు మూసుకుపోయేది.

త్యాగరాజు కృతుల విషయంలో ఆ పని శిష్యుల ఇల్లు చేసింది. ఆయన శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్, ఆయన సంతతి కాపాడిన రాతప్రతులు మధురైలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. త్యాగరాజు మీద పరిశోధన చేసేవాళ్ళకు అవి ఇప్పటికీ ఆధారం. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు ఊరూరా తిరిగి ఊళ్ళ చరిత్రలు చెప్పే కైఫియత్తులు రాయించినప్పుడు, వాటికి ముడిసరుకు చాలామటుకు కరణాల ఇళ్ళల్లోని కవిలె కట్టలే. సి.పి. బ్రౌన్ కడపలో సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. వాటికి మూలమైన పాత ప్రతులు చాలావరకు ఏదో ఒక ఇంటి అటక మీద నుంచి దిగి వచ్చినవే. బ్రౌన్‌ను మనం స్మరించుకుంటాం. ఆయన వచ్చేదాకా వాటిని వర్షానికి తడవకుండా చూసిన ఇల్లాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

మీ ఇంట్లో తాటాకుల కట్ట ఉంటే మొదట చేయాల్సింది దాన్ని గబగబా విప్పకపోవడం. ఎండిన ఆకు పెళుసుగా ఉంటుంది, దారం లాగితే రంధ్రం దగ్గర చీలిపోతుంది. గంటంతో గీసిన అక్షరం ఆకులోకి దిగి ఉంటుంది. అందులో మసి నింపితేనే కంటికి కనబడుతుంది. మసి రాలిపోయి ఆకు ఖాళీగా కనబడినా రాత పోయినట్టు కాదు. నిపుణులు నిమ్మగడ్డి నూనె రాసి ఆకును మెత్తబరిచి, మళ్ళీ మసి పట్టించి చదువుతారు. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో వస, మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, కర్పూరం లాంటివి పొడి చేసి, మూటగట్టి పురుగు రాకుండా పుస్తకాల దగ్గర పెట్టే పద్ధతి ఉంది. పసిపిల్లలకు ఉగ్గులో అరగదీసే వసే ఇక్కడా పనికొచ్చింది. నీళ్ళతో కడగడం, సెల్లోటేపు అంటించడం, లామినేషన్ చేయించడం మాత్రం కాగితానికైనా తాటాకుకైనా ప్రాణాంతకం.

ఫొటోల ప్రమాదం వేరే రకం. నలుపు తెలుపు ఫొటో సరిగా కడిగినదైతే వందేళ్ళయినా నిలుస్తుంది. 1970, 80లలో తీసిన రంగుల ఫొటోలే ముందు వెలిసిపోతున్నాయి. పైన ప్లాస్టిక్ పొర, కింద జిగురు ఉండే ఆల్బములు ఆ రోజుల్లో ప్రతి పెళ్ళికీ కొన్నారు. ఆ జిగురు ఫొటోను పసుపు పచ్చగా మార్చి అట్టకు అతుక్కుపోతుంది. వాటిని సన్నటి దారంతో మెల్లగా విడదీసి కాగితపు కవర్లలోకి మార్చాలి. రాకపోతే బలవంతం చేయకుండా అలాగే స్కాన్ చేసుకోవాలి. గోడమీది పటాల్లో ఫొటో నేరుగా అద్దానికి ఆనుకుని ఉంటే వానాకాలం తేమకు రెండూ కరుచుకుపోతాయి. మధ్యలో మందపాటి అట్ట చట్రం ఒకటి ఉండాలి. స్కాన్ చేసేటప్పుడు 600 డీపీఐకి తగ్గకుండా చేసి, రెండు వేర్వేరు చోట్ల దాచాలి. ఒక్క ఫోనులో ఉంటే దాచినట్టు కాదు.

అన్నిటికన్నా ముందు ఫొటో వెనక పేర్లు రాయాలి. మెత్తటి పెన్సిలుతో, అంచు దగ్గర, ఒత్తకుండా. రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. పరదా చాటు స్త్రీలు నిర్భయంగా వచ్చి ఫొటో దిగేందుకు అక్కడ పని చేసేవాళ్ళు కూడా ఆడవాళ్ళే. అంత జాగ్రత్తతో మొదలైన ఆడవాళ్ళ ఫొటోల చరిత్ర మన ఇళ్ళల్లో పేర్లు లేని ముఖాలుగా మిగిలింది. ఏ పాత గ్రూపు ఫొటో తీసినా కుర్చీల్లో కూర్చున్న మగవాళ్ళెవరో ఎవరో ఒకరు చెబుతారు. వెనక నిలబడిన కోడళ్ళ పేర్లు చెప్పగలిగే మనిషి సాధారణంగా ఇంట్లో ఒక్కరే ఉంటారు, ఆవిడకు ఎనభై దాటి ఉంటాయి. ఆ పని ఈ ఆదివారమే చేయాలి.

బంగారం దగ్గర తెలుగువాళ్ళ మనసు రెండుగా ఉంటుంది. నగ అంటే ప్రాణం, కానీ పాత నగ అంటే చెరిపించి కొత్తది చేయించుకోవడానికి పనికొచ్చే బంగారం. కోస్తాలో కాసుల్లో, తెలంగాణలో తులాల్లో లెక్క తేల్చి, తరుగు తీసేసి కంసాలి చేతిలో పెడతారు. అవసరానికి అమ్ముకున్నవాళ్ళను ఎవరూ తప్పు పట్టలేరు, నగ చేయించేది సగం అందుకే. ఫ్యాషన్ మారిందని నాగరం, దండవంకీ, అడ్డిగ కరిగించడం మాత్రం వేరు. ఆ చేతిపని మళ్ళీ చేయించాలంటే చేసేవాళ్ళు దొరకరు. పాత నగల్లో చాలావాటి లోపల లక్క నింపి ఉంటుంది. వేడినీళ్ళలో నానబెడితే లక్క మెత్తబడి రాళ్ళు ఊడతాయి. తూకంలో కూడా ఆ లక్క బరువు కలుస్తుంది కాబట్టి పంపకాల ముందు సంగతి తెలిసినవాళ్ళకు చూపించాలి. ముత్యాలు చెమటకు, అత్తరుకు మసకబారతాయి. పెట్టుకున్నాక పొడిగుడ్డతో తుడిచి విడిగా మెత్తటి సంచిలో ఉంచాలి.

ఎవరికి ఏది అన్న చోటే చాలా కుటుంబాల్లో మాటలు ఆగిపోతాయి. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా పూజామందిరం విగ్రహాలు, తాత పుస్తకాలు పెద్దకొడుక్కేనన్న అలవాటు చాలాచోట్ల పోలేదు. బతికుండగానే పిల్లలందర్నీ కూర్చోబెట్టి ఎవరికి ఏది ఇష్టమో అడిగితే ఆశ్చర్యం కలుగుతుంది. వడ్డాణం అడుగుతుందనుకున్న కూతురు అమ్మ కవ్వం అడగొచ్చు. తేలిన మాట వీలునామాలో రాసి ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మేలు.

పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న ఇళ్ళకు ఇంకో చిక్కు ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన విగ్రహాలు, చిత్రాలు, కళాఖండాలు, చారిత్రక విలువున్న పాత వస్తువులు దేశం దాటించడానికి వీల్లేదు. సాహిత్య, చారిత్రక విలువ ఉన్న రాతప్రతులకైతే 75 ఏళ్ళే హద్దు. అవి సొంత ఇంట్లోవే అయినా ఇదే నియమం. మీరితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలుశిక్ష. ముత్తాతల నాటి పంచలోహ విగ్రహాన్ని సూట్‌కేసులో పెట్టుకునే ముందు భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు చూపించి, అది పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకోవాలి. రాతి, లోహ విగ్రహాలు, పాత చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు లాంటివి దేశంలో ఉంచుకున్నా రిజిస్టర్ చేయించాలి. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు గోడలోనో నేలలోనో ఏదైనా దొరికితే 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలి.

అన్నీ దాచలేం. అపార్ట్‌మెంటులో అటక కూడా ఉండదు. ఎంచుకోవడానికి ఒక మంచి ప్రశ్న ఉంది: దీని గురించి ఇంట్లో ఎవరైనా అయిదు నిమిషాలు మాట్లాడగలరా? మాట్లాడగలిగితే ఉంచాలి. ఆరు గంగాళాలుంటే పేరు కొట్టిన ఒక్కటి చాలు, మిగతావి బంధువులకో గుడికో ఇవ్వొచ్చు. ఉంచిన ప్రతిదానికీ ఒక నోటుపుస్తకంలో పేజీ కేటాయించాలి. ఫొటో, ఎవరిది, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, ఎప్పుడు వాడేవారు, ఎక్కడ సొట్టపడింది, ఎవరు బాగుచేశారు. దాన్ని చెప్పే మనిషి గొంతు ఫోనులో రికార్డు చేసి ఉంచాలి. తెలుగు చదవలేని మనవలు విని అర్థం చేసుకోగలుగుతారు. వస్తువును వీలైనంతవరకు వాడుతూ ఉండాలి. మరచెంబులో నీళ్ళు తాగిన పిల్లవాడు దాన్ని పాతసామానుకు వేయడానికి ఒప్పుకోడు.

ఇంట్లో ఉంచుకోలేని రాతప్రతుల్ని తీసుకునే సంస్థలున్నాయి. హైదరాబాదులో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ, చెన్నైలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం తెలుగు ప్రతుల్ని భద్రపరుస్తున్నాయి. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ ఇళ్ళల్లో ఉన్న గ్రంథాల్ని కూడా నమోదు చేసి డిజిటల్ ప్రతులు తీయించే పని చేపట్టింది. ప్రతి అప్పగించేటప్పుడు ఇంటిపేరు, ఊరు, అది రాసినవారి వివరాలు, ఇంట్లో దాని గురించి చెప్పుకునే మాటలు ఒక కాగితం మీద రాసి కట్టతో పాటే ఇవ్వాలి. జాబితా తయారుచేసే పండితుడికి ఆ కాగితం చాలా రోజుల పని తగ్గిస్తుంది.